మోకాటి లోతు నీళ్ళు

రొయ్య పిల్లలకు జబ్బు ఉందో లేదో చెప్పే ల్యాబులో నేను ఇరవై మూడేళ్ళుగా పని చేస్తున్నాను. హేచరీలో పిల్లల్ని కొనే ముందు రైతులు వాటిలో కొన్నిటిని పాలిథీన్ కవర్లో నీళ్ళతో సహా తెచ్చి మా మెట్ల మీద కూర్చుంటారు. మా వైపు వాటిని సీడ్ అంటారు. ఆ సీడ్‌ని గాజు గ్లాసులో పోసి కిటికీకి ఎదురుగా పట్టుకుంటే, మధ్యాహ్నపు వెలుతుర్లో ముందు ఏమీ కనిపించదు. కాసేపటికి నల్లటి చుక్కలు కదులుతాయి. అవి కళ్ళు. ఒళ్ళంతా నీళ్ళ రంగే. లోపల తిన్న మేత సన్నటి దారంలా కంటికి ఆనుతుంది. ఇంత లేత ప్రాణంలో జబ్బు ఎక్కడ దాక్కుంటుందా అని ఇప్పటికీ అలాగే చూస్తూ నిలబడిపోతాను. బయట రైతు దగ్గుతాడు. అప్పుడు పనిలో పడతాను.

పిల్లల్ని నలిపి, మందులు కలిపి, మెషిన్లో పెడతాం. తెల్లమచ్చ జబ్బు ఉంటే చివర్లో ఒక గీత వెలుగుతుంది. గీత వెలిగితే పాజిటివ్. ఆ ట్యాంకు మొత్తానికి బ్లీచింగ్ కొట్టి పారబోస్తారు. వెలగకపోతే నెగటివ్. రైతు బండి స్టార్ట్ చేసుకుని నవ్వుకుంటూ పోతాడు. మా రిపోర్టులో ఉన్నవి ఆ రెండు గడులే, 'రావచ్చు' అనే మాటకు గడి లేదు. ఇన్నేళ్ళు ఆ రెండు గడుల ముందు కూర్చుని కూర్చుని, ఇంట్లో మనుషుల్ని కూడా వాటిలోనే పెట్టి చూడటం అలవాటైపోయింది నాకు. దాని ఫలితం మా అమ్మాయి అనుభవించింది.

ముందు మా అమ్మ సంగతి చెప్పాలి.

మాది పులికాట్ సరస్సు ఒడ్డున చేపలు పట్టి బతికే ఇల్లు. నేను మూడో తరగతిలో ఉండగా ఒకరోజు అమ్మ పొద్దున్నే లేవలేదు. గోడ వైపు తిరిగి పడుకుంది. మర్నాడూ అంతే. నాన్న వల తీసుకుని సరస్సు మీదికి పోయేవాడు. నేను బడి ఎగ్గొట్టి అమ్మ వెనకాల పడుకునేదాన్ని. పైన పెంకు పగిలిన చోటు నుంచి రూపాయి బిళ్ళంత ఎండ పడి, నేల మీద మెల్లగా జరిగేది. పొద్దున తలుపు దగ్గర మొదలై, మధ్యాహ్నానికి మా కాళ్ళ దగ్గరికి వచ్చేది. దూరంగా నీళ్ళలో పక్షుల గోల. ఇల్లు నీళ్ళ మీద తేలుతోందని, మేమిద్దరం ఎక్కడికో పోతున్నామని అనిపించేది. బడిలో నేర్చుకున్న అ ఆలు అమ్మ వీపు మీద వేలితో రాసేదాన్ని. ఆమె కదిలేది కాదు. నిజం చెప్పాలంటే నాకు ఆ రోజులు సంతోషంగా ఉండేవి. రోజంతా అమ్మ నాదే. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

దానికి మా ఇంట్లో పేరు 'నీరసం'. లోకంలో అందరికీ నీరసం ఒక సోడా తాగితే పోతుంది. మా అమ్మకు రెండు నెలలు పట్టేది. గాలి సోకిందని ఒకరు తాయెత్తు కట్టారు. మా మేనత్త మాత్రం, "గాలీ లేదు ధూళీ లేదు, పని దొంగ" అని తేల్చేసింది. తర్వాత ఒకరోజు అమ్మ తనంతట తనే లేచి, తలకు పోసుకుని, తడి జుట్టుతో వాకిట్లోకి వచ్చి, "ఈ పొద్దు ఏం చేపలు పడినాయి?" అని అడిగింది. నాన్న బుట్ట తెచ్చి ముందు పెట్టాడు. చేపలు కడిగింది, పులుసు పెట్టింది. మూడు నాలుగేళ్ళు బాగుండేది. మళ్ళీ గోడ వైపు తిరిగేది.

అమ్మను కన్న తల్లిని, మా అవ్వను, నేను చూడలేదు. నేను పుట్టకముందే సరస్సులో పోయింది. ఎట్లా పోయిందని అడిగితే అందరిదీ ఒకటే మాట, "కాలు జారింది." చిన్నప్పుడు ఆ మాట నాకు చాలినట్టే ఉండేది. పన్నెండేళ్ళప్పుడు ఒక మధ్యాహ్నం నీళ్ళలో నడుచుకుంటూ పోయాను. మా ఊరి దగ్గర సరస్సు ఎంత దూరం పోయినా మోకాటి లోతే. ఆడవాళ్ళు చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకుని అవతలి దిబ్బకు నడిచే పోతారు. నీళ్ళు తెల్లగా, ఆకాశం తెల్లగా, రెండూ ఎక్కడ కలుస్తాయో తెలియని వేళ. ఆ నడిమధ్యలో నిలబడి నా మోకాళ్ళ వైపు చూసుకున్నాను. ఇక్కడ కాలు జారితే చీర తడుస్తుంది, అంతే కదా. వెనక్కి తిరిగి ఒడ్డు వైపు చూశాను. అమ్మ చిరిగిన వల కుట్టుకుంటూ, సూది ఆపి, నా వైపే చూస్తోంది. నేను అడగలేదు. మా ఇంట్లో అడగకుండా ఉండటం కూడా ఒక పనే. అది కూడా చిన్నప్పుడే నేర్పేవాళ్ళు.

నా పెళ్ళి మాటలప్పుడు మా అత్తగారు, కొడవలూరు పక్క వరి పండించే ఇంటి మనిషి, కాఫీ గ్లాసు కింద పెట్టి నెమ్మదిగా అడిగింది. "ఏమనుకోబాక వదినా, మీ ఇంట్లో ఎవరికన్నా ఏదన్నా జబ్బు ఉండాదా?" అమ్మ తడుముకోలేదు. "మా ఇంట్లో ఏముంటది వదినా, అందరం గుండ్రాయిలాగా ఉండాం" అంది. అప్పటికి అమ్మ పక్క మీది నుంచి లేచి ఇరవై రోజులు కూడా కాలేదు. నేను తలుపు చాటున నిలబడి విన్నాను. అమ్మ మీద జాలి కలిగింది, కోపమూ వచ్చింది. అయినా నోరు మెదపలేదు. సంబంధం ఖాయమైంది.

నాకు ఆ జబ్బు రాలేదు. ఎదురుచూశాను గానీ రాలేదు. ఆదివారం మధ్యాహ్నం అందరికీ ఉండే దిగులు నాకు కలిగినా, ఇదేనా, మొదలైందా అని నాడి పట్టుకు చూసుకునేదాన్ని. సాయంత్రానికి ఆకలేసేది. నన్ను వదిలేసింది అనుకున్నాను. అయితే ఎవరిని పట్టుకుంటుంది? ఆ ప్రశ్న మా అమ్మాయి పుట్టిన రోజు నుంచీ నా కడుపులో ఉంది. ఒక్కతే కూతురు. పొత్తిళ్ళలో తను నవ్వితే హమ్మయ్య అనుకునేదాన్ని. నవ్వకపోతే గ్లాసులో సీడ్‌ని చూసినట్టు చూసేదాన్ని.

రొయ్యల గుంటల్లో చెక్ ట్రే అని ఒకటి ఉంటుంది. వల బిగించిన పళ్ళెం లాంటిది. దాంట్లో కాస్త మేత వేసి నీళ్ళలోకి దించి, గంటో రెండు గంటలో ఆగి పైకి లాగుతారు. మేత అంతా తినేసి ఉంటే గుంట బాగున్నట్టు. మిగిలితే కింద ఏదో మొదలైనట్టు. పైనుంచి చూస్తే నీళ్ళు తప్ప ఏమీ కనిపించదు గనక, రైతు ప్రాణమంతా ఆ ట్రే మీదే ఉంటుంది. నేను మా అమ్మాయి కంచాన్ని అట్లా చూశాను. తను తిని లేచాక ఎన్ని మెతుకులు మిగిలాయో చూడందే కంచం కడిగేదాన్ని కాదు. మిగిల్తే, ఏం, ఎందుకు, ఏమైంది, బడిలో ఎవరన్నా ఏమన్నా అన్నారా? మా ఆయన విసుక్కునేవాడు. "దాన్ని తిననియ్యవే, కోర్టులో సాక్ష్యం అడిగినట్టు అడుగుతావు" అని. ఆయనకు నా భయం తెలియదు. పెళ్ళిలో దాచినది తర్వాత ఎప్పుడు చెప్పాలో తెలియక అలాగే ఉండిపోయింది.

అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. నాన్న పోయాక అమ్మ కూడా మా దగ్గరే ఉంటోంది. ఆ ఏడాది కంచం రోజూ శుభ్రంగా ఉండేది. ఒక్క మెతుకు లేదు. నేను నిశ్చింతగా ఉన్నాను. మెట్ల మీద కూర్చున్న రైతులతో జోకులు కూడా వేశాను. మా వీధి కుక్క మాత్రం బాగా లావెక్కింది. అది చూసి, "దీనికి ఎవరో మంచి సంబంధం చూసినట్టున్నారే" అని నవ్వాను.

ఒకరోజు ల్యాబులో కరెంటు పోయి మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. పెరటి గోడ దగ్గర మా అమ్మాయి నిలబడి కంచంలో అన్నం కుక్కకు వేస్తోంది. చేప ముక్క కూడా. మొహంలో ఏమీ లేదు. బాధ కూడా లేదు. చుడీదారు భుజాల దగ్గర వేలాడుతోంది. ఇన్నాళ్ళు ఆ భుజాలు నేనెందుకు చూడలేదు? శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టయింది నా బతుకు. నన్ను చూసి తను దాచే ప్రయత్నం చేయలేదు. దానికి కూడా ఓపిక లేనట్టుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"ఏమో. వానలప్పటి నుంచి." కుక్క వైపే చూస్తూ అంది, "కంచంలో మిగిలితే నువ్వు భయపడతావు. నువ్వు భయపడితే నాకు ఇంకా భయమేస్తది. అందుకని."

దగ్గరికి పోయి చెయ్యి పట్టుకోబోయాను. తను చెయ్యి ఇవ్వలేదు.

"చిన్నప్పటి నుంచి నాకేదో వస్తదని చూస్తానే ఉండావు గదమ్మా. ఏందో నాకు చెప్పలేదు గానీ చూస్తానే ఉండావు. వచ్చింది. ఇప్పుడేం చేస్తావు? పారబోస్తావా?"

గొంతు పెంచకుండా అడిగింది. నా జీవితంలో నన్ను ఎవరూ అంత గట్టిగా కొట్టలేదు.

వారం లోపల నెల్లూరులో మనసు జబ్బులు చూసే ఒక డాక్టరమ్మ దగ్గరికి పోయాం. తోడుగా అమ్మ కూడా వచ్చింది, ఒళ్ళో నీళ్ళ సీసా పెట్టుకుని. గదిలో అమ్మాయి మధ్యలో, మేమిద్దరం చెరో పక్క. డాక్టరమ్మ నిద్ర గురించి అడిగింది, చదువు గురించి అడిగింది, చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా మామూలుగా, కాఫీ తాగుతావా అన్నంత మామూలుగా అడిగింది. మా అమ్మాయి కిటికీ వైపు చూస్తూ, "అప్పుడప్పుడు" అంది.

తర్వాత ఆమె నా వైపు తిరిగి, "ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా అమ్మా?" అని అడిగింది.

"లేదు మేడమ్" అన్నాను.

ఆలోచించి అన్నది కాదు. నాలుక తనంతట తనే అనేసింది. అమ్మ ముందు ఇంకో మాట ఎట్లా వస్తుంది? డాక్టరమ్మ రాసుకోబోతుంటే అమ్మ చెయ్యి ఎత్తింది, బడిలో పిల్లలు ఎత్తినట్టు.

"అబద్ధం చెప్తా ఉండాది తల్లీ. తప్పు దానిది కాదు, నేనే నేర్పించినా" అంది. "నాకు ఉండాది. ఈ వయసు దాకా పది తడవలన్నా వచ్చింది. మా అమ్మకు ఉండింది. కాలు జారి పోయిందని ఊరంతా చెప్పుకున్నాం. జారలా. మోకాటి లోతు నీళ్ళు అవి. ఎవురు జారతారు?"

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టింది. అమ్మ ఆమెను వదిలేసి మనవరాలి వైపు తిరిగింది.

"నాకు మొదటి తడవ వచ్చినప్పుడు, లోకంలో నేనొక్కదాన్నే ఇట్టా చెడిపోయినాననుకున్నా. 'ఇది మీ అమ్మకు వచ్చిందేలే, జబ్బు ఇది, వస్తది పోతది' అని నాకు ఒక్కరు చెప్పుంటే నాకు ఎంత బాగుండు! సిగ్గుకొద్దీ చెప్పలా. నేనూ మీ అమ్మకు చెప్పలా. మా అమ్మకైతే ఎవురూ లేరు చెప్పేదానికి. నీకు చెప్తా ఉండా. వింటా ఉండావా?"

మా అమ్మాయి కిటికీని వదిలి ఆమె వైపు తిరిగింది. "నువ్వెట్టా బతికినావు అమ్మమ్మా?"

"ఏమో తెలవదు. ఒకరోజు ఆకలేసింది." అమ్మ సీసా మూత తిప్పుతూ అంది, "మీ అమ్మ నా ఈపు మీద అ ఆలు రాస్తా ఉండేది. నాకు తెలవదనుకుంటది. 'ఋ' ఎప్పుడూ తప్పే రాసేది."

నేను ఏడ్చాను. ఇరవై నిమిషాల అపాయింట్‌మెంట్‌లో సగం నా ఏడుపుకే పోయింది.

కళ్ళు తుడుచుకుని నేనడిగిన మొదటి మాట చూడండి. "టెస్టు ఉందా మేడమ్? రక్తం తీసి, పాజిటివా నెగటివా చెప్పేది?" మా అమ్మాయి పెదవి చివర కొంచెం నవ్వు కదిలింది. "మా అమ్మ ల్యాబులో పని చేస్తది మేడమ్" అంది. ఎన్ని నెలల తర్వాతో ఆ నవ్వు.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఒక్క జీన్ వల్ల వచ్చేదైతే అట్లా పట్టుకోవచ్చునట. దీని వెనక ఉన్నవి లెక్కకు అందనన్ని, ఒక్కొక్కటీ చిటికెడు. తల్లి వైపు నుంచి కొన్ని, తండ్రి వైపు నుంచి కొన్ని, ప్రతి మనిషిలోనూ ఎన్నో కొన్ని ఉంటాయి. అవన్నీ కూడినా 'రావచ్చు' అంటాయి తప్ప 'వస్తుంది' అనవు. వాటి మీద నిద్ర కరువవడం, దెబ్బలు తగలడం, ఒంటరిగా మిగలడం, ఇవన్నీ పడాలి. ఇంట్లో ఎవరికన్నా ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మిగతావాళ్ళ కంటే కాస్త ఎక్కువే, అయినా చాలామందికి రాదు. "మీకు రాలేదుగా" అంది నాతో. "ఇది ఎవరు ఇచ్చారు అన్నది వదిలేయండి. ఎవరూ ఇవ్వాలని ఇవ్వరు. ఇంట్లో ఉందని తెలిస్తే తొందరగా గుర్తుపట్టొచ్చు, తొందరగా మందు ఇవ్వొచ్చు. తెలుసుకున్నందుకు లాభం అదే."

ఇందులో నాకు కొత్త ఏముంది? ఒకే ట్యాంకు సీడ్‌ని రెండు గుంటల్లో వేస్తే ఒకటి పండుతుంది, ఒకటి పోతుంది. సీడ్ ఒక్కటే కాదయ్యా, నీళ్ళు చూసుకో, అడుగు మట్టి చూసుకో అని మెట్ల మీద రైతులకు రోజూ నేనే చెప్తాను. నా ఇంటి దగ్గరికి వచ్చేసరికి సీడ్ ఒక్కదాన్నే పట్టుకుని వేలాడాను. నీళ్ళలో భయం కలిపింది నేనే.

ఇంటికి పోతూ దారిలో మా ఆయనకు ఫోన్ చేసి అంతా చెప్పాను. ఇరవై రెండేళ్ళ నాటి అబద్ధంతో సహా. "మా పెదనాయన కూడా ఎండాకాలమంతా గడ్డివాము పక్కన కూర్చుని ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆయనకు గర్వమనుకున్నాం" అన్నాడు. తర్వాత, "మందుల చీటీ ఫోటో తీసి పంపు, తెస్తాను" అన్నాడు.

మందులు మొదలుపెట్టాక వెంటనే ఏమీ జరగలేదు. వారాలు గడిచాయి. మధ్యాహ్నాలు అమ్మా, అమ్మాయీ ఒకే మంచం మీద పడుకునేవాళ్ళు. ఫ్యాన్ తిరుగుతుండేది, కిటికీ తెర ఉబ్బి తగ్గేది. వాళ్ళు ఉన్నచోటికి నాకు దారి తెలియదు. అసూయగా ఉండేది, చెప్పడానికేం. నేను కంచం చూడటం మానేశాను. మానడమంటే, తను తింటుంటే లేచి వరండాలోకి పోయేదాన్ని. మొదట్లో అక్కడ తుడిచిన గ్రిల్లే మళ్ళీ తుడిచేదాన్ని.

డిగ్రీ అయ్యాక తిరుపతిలో పీజీ సీటు వచ్చింది. హాస్టల్. పంపించనని నేను మొండికేశాను. అమ్మే తిట్టింది. "మూసి పెట్టి మూసి పెట్టి మూడు తరాలు చాలకపోయిందా?" అంది. బస్సు ఎక్కించే రోజు అమ్మాయితో ఒక్క మాటే అన్నాను. "తిన్నావా అని నేను అడగను. నిద్రపోయినావా అని కూడా అడగను. బాగలేకపోతే మాత్రం నువ్వే చెప్పాల." తను బ్యాగు భుజానికి తగిలించుకుంటూ, "చెప్తాలే" అంది. ఆ 'లే' లో ఎంత నిజం ఉందో తూచే మెషిన్ నా దగ్గర లేదు.

తర్వాత ఆర్నెల్లు రోజూ ఫోన్ వచ్చేది. "బాగుండానమ్మా." గొంతు బాగానే ఉండేది. బాగానే ఉన్నట్టు కనిపించడం తనకు బాగా వచ్చునని నాకు తెలుసు. అందుకే ఆ ఆర్నెల్లూ ఫోన్ పెట్టేశాక కాసేపు దాన్ని చేతిలోనే పట్టుకుని కూర్చునేదాన్ని. అడగకూడదు, అడగనని మాట ఇచ్చాను. తను చెప్పకపోతే నాకు తెలిసే దారి లేదు. మా అవ్వ కూడా సరస్సులోకి పోయిన పొద్దున ఎవరికో బాగున్నాననే చెప్పి ఉంటుంది.

ఒక ఆదివారం పది గంటలప్పుడు ఫోన్ మోగింది. అమ్మ పక్కనే నేల మీద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తోంది. నా చేతులకు పిండి ఉంటే స్పీకర్ పెట్టాను.

"అమ్మా." ఎక్కడో బకెట్లో నీళ్ళు పడుతున్న చప్పుడు. "మూడు రోజులాయ. లేవలేకపోతా ఉండా. మందు వేసుకుంటానే ఉండా, అయినా. నువ్వు వస్తావా?"

భయపడ్డాను. కానీ ఆ భయం కంటే ఒక్క క్షణం ముందు, దేవుడా, చెప్పింది, అనుకున్నాను. నేను చేతుల పిండి దులుపుకునేలోపల అమ్మ చిక్కుడుకాయలు పక్కకు నెట్టి ఫోన్ అందుకుంది.

"లేవబాకమ్మా" అంది. "ఎవురు లెయ్యమన్నా లేవబాక. మేం వస్తా ఉండాం. వచ్చిందాకా అట్నే పడుకోనుండు."

అవతల మా అమ్మాయి ఏడవటం మొదలుపెట్టింది. అమ్మ ఊరుకోమనలేదు. ఊ, ఊ అంటూ వింటూ, ఒక చేత్తోనే చెప్పులు వేసుకుంది. బస్సు ఎక్కాక కూడా ఫోన్ చెవి దగ్గరి నుంచి తీయలేదు.